రక్తం చిక్కబడితే బలమేనా?

మా కోనసీమలో మనిషి కోలుకున్నాడని చెప్పాలంటే 'ఒంట్లో రక్తం పట్టింది' అంటారు. మావారి రిపోర్టులో హిమోగ్లోబిన్ 18.2 అని చూసి మా అత్తగారు అలాగే సంబరపడ్డారు. 'రాజోలు మొత్తం మీద ఇంత రక్తం ఎవరికుందే!' అన్నారు. డాక్టరుగారు మాత్రం ఆ కాగితం చూసి నవ్వలేదు. ఈసారికి ఇంజెక్షను వద్దన్నారు.

ఆరేళ్ళ కిందట మావారికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ తీశారు. తర్వాత మనిషి నీరసించిపోయారు. కొబ్బరితోట ఈ చివర నుంచి ఆ చివరకు నడవలేరు, ఎప్పుడూ నిద్ర, చిరాకు. పరీక్షిస్తే మగవాళ్ళ హార్మోను టెస్టోస్టిరాన్ బాగా పడిపోయిందని తేలింది. ఉదయం పూట, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో రక్తం తీశాకే ఆ మాట ఖాయం చేశారు. పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గే హార్మోను అది.

లోపం ఎక్కడుందో చెప్పేది ఎల్.హెచ్. పరీక్ష. డెల్టా రైతులకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. చేలో నీరు లేదంటే ధవళేశ్వరంలో వదలకపోయి ఉండాలి, లేదా మన పంటబోదె పూడిపోయి ఉండాలి. ఎల్.హెచ్. పైనుంచి, అంటే పిట్యూటరీ నుంచి వచ్చే కబురు. అది ఎక్కువగా ఉండి టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంటే లోపం వృషణాలది. రెండూ తక్కువైతే లోపం పైనే. మావారిది రెండో రకం.

అయితే, ఇంజెక్షన్లు మొదలయ్యాక ఎవరికైనా ఎల్.హెచ్. పడిపోతుంది. బయటి నుంచి హార్మోను వస్తుంటే పైనుంచి కబురు ఆగిపోతుంది. దాంతోపాటు వీర్యకణాలూ తగ్గుతాయి. అందుకే పిల్లలు కావాలనుకునేవారు ముందే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి.

రిపోర్టులో అంకెకన్నా తేదీ ముఖ్యమని నేను తెలుసుకున్నది ఈ మందుతోనే. రెండు మూడు వారాలకోసారి చేసే ఇంజెక్షనైతే, చేసిన రెండు మూడు రోజులకి టెస్టోస్టిరాన్ బాగా పెరుగుతుంది. తర్వాతి ఇంజెక్షను నాటికి తగ్గిపోతుంది. రెండు ఇంజెక్షన్ల నడిమధ్య రక్తం తీస్తే 350 నుంచి 600 నానోగ్రాముల మధ్య ఉండాలంటారు. మూడు నెలల దాకా పనిచేసే ఇంజెక్షనుకి మాత్రం తర్వాతి డోసుకి ముందు తీస్తారు. కొలత కూడా చూసుకోవాలి. ఒక ల్యాబు 460 నానోగ్రాములని, ఇంకొకటి 16 నానోమోల్స్ అని ఇస్తే కంగారు పడక్కర్లేదు. రెండూ ఒకటే.

ఇక అత్తగారి సంబరం సంగతి. టెస్టోస్టిరాన్ ఎముకల మజ్జని తొందరపెట్టి ఎర్రకణాలను పెంచుతుంది. నూరు పాళ్ళ రక్తంలో ఎర్రకణాలెన్ని పాళ్ళో చెప్పేదే హెమటోక్రిట్. అది 54 దాటితే మందు ఆపాలి. రక్తం చిక్కబడితే గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది. మావారికి 55. 'గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా?' అని డాక్టరుగారు నన్నే అడిగారు. దానివల్ల కూడా ఎర్రకణాలు పెరుగుతాయట. రెండు నెలలకి 49కి దిగింది. మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు.

నలభై దాటినవారికి పి.ఎస్.ఎ. పరీక్ష కూడా ఉంటుంది. ప్రోస్టేటు గ్రంథి సంగతి చెప్పేది అదే. మందు మొదలైన ఏడాదిలోపు అది 1.4కి మించి పెరిగితే మూత్రవ్యాధుల నిపుణుడికి చూపించాలి. మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారైనా ఈ పరీక్షలు తప్పవు. ఒంటి బలానికని డాక్టరు చూడకుండా ఇవే ఇంజెక్షన్లు చేయించుకునే కుర్రాళ్ళకి ఈ కాపలా ఏదీ ఉండదు.

షుగరు రిపోర్టుని అరుగు మీద కూర్చుని నలుగురికీ చదివి వినిపిస్తాం. ఈ రిపోర్టుని మాత్రం బీరువాలో బట్టల కింద దాస్తాం. మగతనం మాటొచ్చేసరికి నోరు మూతపడుతుంది. దాచిన కాగితాన్ని పాత కాగితంతో పోల్చేదెవరు? థైరాయిడ్ తక్కువైతే లేని సిగ్గు దీనికెందుకు? మీ ఇంట్లో ఎవరికైనా ఈ వైద్యం జరుగుతుంటే రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టండి. ఇంజెక్షను చేసిన రోజు పైన రాయండి. ఒక అంకె చూసి సంబరపడేకన్నా, బెంగపడేకన్నా, నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి డాక్టరుని అడగడం మేలు.