జాబితాలలోని జాబితాలు

గూడూరు పెద్ద రైలు కూడలి. అచ్చటినుండి ఒక మార్గము దక్షిణముగా చెన్నైకిని, ఒకటి ఉత్తరముగా విజయవాడకును, ఒకటి పడమటగా రేణిగుంటకును పోవును. ఆ యూరి బాలిక యొకతె పైథాను నేర్చుకొనుచు ఈ మార్గములనే అభ్యాసమునకు తీసికొనెను. పైథాను, నెదర్లాండ్సు దేశీయుడగు గీడో వాన్ రాసమ్ 1991లో వెలువరించిన కంప్యూటరు భాష.

ఆమె వ్రాసిన పెద్ద జాబితాలో మూడు చిన్న జాబితాలుండెను. మొదటిది నాయుడుపేట, సూళ్ళూరుపేట; రెండవది నెల్లూరు, విజయవాడ; మూడవది వెంకటగిరి, శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట. 3 పేర్లకు తగ్గిన జాబితాలను తొలగింపవలెనని ఆమె తలంపు.

పైథానులో ‘లెన్’ అని యడిగినచో జాబితా పొడవు తెలియును. పొడవనగా ఇచ్చట మైళ్ళు కావు, పేర్ల సంఖ్య. విజయవాడ రేణిగుంటకంటె ఎంతో దూరమైనను ఆ జాబితా పొడవు 2 మాత్రమే. పెద్ద జాబితా పొడవు నడిగినచో 3 అని వచ్చును గాని, లోపలి పేర్లన్నియు కలిసిన 8 రాదు. కావున ఒక్కొక్క చిన్న జాబితాను విడిగా కొలువవలెను.

ఆమె అట్లే కొలిచి, పొట్టిదానిని అక్కడికక్కడే తీసివేయుమని వ్రాసెను. రేణిగుంట జాబితా మిగిలినది. నెల్లూరు జాబితాయును మిగిలినది!

“అన్నయ్యా, కంప్యూటరు లెక్క తప్పినది.”

అన్న కాగితముపై మూడు గళ్ళు గీసెను. “మొదటిదానిని తీసివేసితివి. వెంటనే నెల్లూరు మొదటి గడిలోనికి జరిగినది. కంప్యూటరు మొదటి గడి చూచుట అయినదని రెండవ గడికి పోయినది. నెల్లూరును అది చూడనే లేదమ్మా!”

వ్రాతలో ఒక చిహ్నము లోపించినచో పైథాను వెంటనే తప్పు చూపును. ఇట్టి తప్పునకు మాత్రము నోరు మెదపదు. నెల్లూరు జాబితా చివర నుండినచో ఫలితము సరిగానే వచ్చెడిది. అప్పుడామెకు అనుమానమే కలుగకుండెడిది. అది మరింత ప్రమాదము.

గూడూరు నిమ్మకాయలకు పేరుపొందిన ఊరు. కాయలను వేరుచేయువారు రాశిని కదలింపక, కావలసిన వానిని ఏరి వేరొక బుట్టలో వేయుదురు. ఆమెయు ఖాళీ జాబితా నొకదానిని ముందుంచుకొని, పాతదానిలో దేనిని తీయక, పొడవు 3గాని అంతకు మించిగాని యున్నవానిని మాత్రమే అందు చేర్చుమని తిరుగ వ్రాసెను.

ఈసారి నాలుగు పేర్ల జాబితా ఒక్కటే వచ్చెను. ఆమె అంతటితో ఊరకుండక, మూడు జాబితాల వరుసను మార్చి మార్చి మరల పరీక్షించుచు కూర్చుండెను.