తెరకెక్కని కథల ఊరు

మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని లాస్ ఏంజిలిస్‌లో తిప్పే దారి నాకు కంఠతా వచ్చు. పొద్దున హాలీవుడ్ అక్షరాలు కనిపించేచోట ఒక ఫోటో, తారల పేర్లున్న పేవ్‌మెంట్ మీద ఇంకో ఫోటో, ఆ తర్వాత యూనివర్సల్ స్టూడియోలో ట్రామ్ బండి, సాయంత్రం సాంటా మోనికా సముద్రం. పిల్లలకి సరదాగానే ఉంటుంది. కానీ సినిమా అసలు పుట్టే చోటు మాత్రం ఈ దారిలో ఎక్కడా తగలదు. అది పుట్టేది కాగితం మీద. ఆ కాగితాల్లో చాలా మటుకు ఎప్పటికీ తెరకెక్కవు. ఈసారి మీరొస్తే ఒక పూట అటువైపు తీసుకెళ్తాను.

ముందు థర్డ్ స్ట్రీట్‌కి వెళ్దాం. 1934 నుంచీ ఉన్న ఫార్మర్స్ మార్కెట్‌కి దగ్గర్లోనే రచయితల సంఘం, అంటే రైటర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా వెస్ట్ భవనం ఉంది. అందులో గిల్డ్ ఫౌండేషన్ వారి లైబ్రరీ. సంఘంలో సభ్యత్వం లేకపోయినా మనలాంటివాళ్ళు వెళ్ళి కూర్చుని స్క్రిప్టులు చదువుకోవచ్చు. ముందుగా కబురుచేసి సమయం తీసుకుంటే మంచిది. ఇంటికి మాత్రం ఇవ్వరు.

మొదటిసారి స్క్రీన్‌ప్లే చేతిలోకి తీసుకున్నవాళ్ళు కొంచెం నిరాశపడతారు. బొమ్మల్లేవు, అట్ట మీద హీరో లేడు. పాత టైప్‌రైటర్ కొట్టినట్టుండే కొరియర్ అక్షరాలు, చుట్టూ బోలెడు తెల్ల కాగితం. పేజీకి సుమారు ఒక నిమిషం సినిమా అని లెక్క, కాబట్టి 120 పేజీలంటే రెండు గంటలు. కాగితాలకి మూడు చిల్లులుంటాయి గానీ ఇత్తడి పిన్నులు రెండే పెడతారు, పైన ఒకటి, కింద ఒకటి. ఎందుకు రెండే అని అడిగితే ఇక్కడ అంతే అంటారు. అసలు కష్టం మరోచోట ఉంది. కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ తప్ప ఇంకేమీ రాయకూడదు. ‘ఆమెకి పుట్టిల్లు గుర్తొచ్చింది’ అని రాస్తే కెమెరా దాన్నెలా పట్టుకుంటుంది? గుర్తొచ్చి ఆమె ఏం చేసిందో రాయాలి. నవలలు చదివి పెరిగిన మనకి ఇది చెయ్యి కట్టేసినట్టుంటుంది.

ఓపికుంటే బెవర్లీ హిల్స్‌లో లా సియెనెగా బులెవార్డ్ మీదున్న మార్గరెట్ హెరిక్ లైబ్రరీ కూడా చూడండి. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీవారిది. గోపురం చూసి చర్చి అనుకుంటారు గానీ, అది 1928లో ఊరికి మంచినీళ్ళ కోసం కట్టిన వాటర్‌వర్క్స్. 1991లో అకాడమీ అందులోకి వచ్చింది.

సినిమా కాని స్క్రిప్టంటే పనికిరానిదని అనుకోవడం మాత్రం పొరపాటు. డేవిడ్ వెబ్ పీపుల్స్ 1976లో రాసిన ఒక కౌబాయ్ కథ చేతులు మారి క్లింట్ ఈస్ట్‌వుడ్ దగ్గరికి చేరింది. ఆ పాత్రకి తగిన వయసు రావాలని ఆయన ఏళ్ళ తరబడి దాన్ని అట్టేపెట్టాడు. చివరికి 1992లో ‘అన్‌ఫర్గివెన్’గా వచ్చి ఉత్తమ చిత్రం ఆస్కార్ పట్టుకెళ్ళింది. 2005లో ఫ్రాంక్లిన్ లియోనార్డ్ అనే యువకుడు ఒక నిర్మాణ సంస్థలో స్క్రిప్టులు చదివే ఉద్యోగంలో ఉండి, తనలాంటి ఉద్యోగం చేసేవాళ్ళందరినీ ఒకటే అడిగాడు: ఈ ఏడాది మీరు చదివినవాటిలో ఇంకా సినిమా కానివి, మీకు బాగా నచ్చినవి ఏవి? వచ్చిన జవాబులన్నీ పోగుచేసి తిరిగి అందరికీ పంపాడు. అదే ‘బ్లాక్ లిస్ట్’. మొదటి జాబితాలో ఉన్న ‘జూనో’ రచయిత్రికి తర్వాత ఆస్కార్ వచ్చింది. మన ముంబయి మురికివాడల ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’, ‘ద కింగ్స్ స్పీచ్’, ‘స్పాట్‌లైట్’ అన్నీ ఏదో ఒక ఏడు ఆ జాబితాలో కూర్చుని ఎదురుచూసినవే.

అయితే ఇవన్నీ అదృష్టవంతుల సంగతులు. నాకు ఇష్టమైన చోటు వీటన్నిటికంటే చిన్నది. శాన్ ఫెర్నాండో లోయలో మా ఇంటికి దగ్గరున్న పబ్లిక్ లైబ్రరీలో, నెలకో శనివారం, మీటింగ్ గదిలో పదిమంది చేరతారు. ఒక నర్సు, ఒక లారీ డ్రైవరు, రిటైరైన స్కూలు టీచరుగారు, వేషాల కోసం తిరిగే కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఎవరి స్క్రిప్టూ ఎక్కడా అమ్ముడుపోలేదు. ఆ నెల వంతు ఎవరిదైతే వాళ్ళు ప్రతులు తెస్తారు, పాత్రలు అక్కడికక్కడే పంచుతారు, అందరూ పైకి చదువుతారు. రాసినవాళ్ళు మాత్రం చదవకూడదు. తర్వాత అందరూ తప్పులెన్నుతుంటే నోరు విప్పకూడదు. కాగితం మీద రాసుకోవడం, అంతే. ఆ నలభై నిమిషాలు వాళ్ళ ముఖాలు చూడాలి!

కథ ఎవరైనా కొట్టేస్తే అని మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. గిల్డ్‌లో రిజిస్టర్ చేసుకునే పద్ధతి 1927 నుంచీ ఉంది, కాపీరైట్ ఎలాగూ ఉంది. కానీ ఉత్త ఆలోచనకి కాపీరైట్ ఉండదు, రాసిన తీరుకే. కాబట్టి దాచుకుని కూర్చునేకంటే త్వరగా, బాగా రాయడమే మేలని అక్కడివాళ్ళ లెక్క. నాకూ అదే సబబనిపిస్తుంది.

మా ఆఫీసుల్లో కోడ్ రివ్యూ అని ఒకటుంటుంది. అక్కడ తప్పు తప్పేనని ప్రోగ్రామ్ నడిపి చూపించవచ్చు. ఇక్కడ ఆరుగురు ఆరు రకాలుగా చెబుతారు. ఎవరి మాట వినాలి? పాతకాపు ఒకాయన చెప్పిన సూత్రం ఇది: మందు ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు, అది పట్టించుకోకు. నొప్పి మాత్రం అందరూ ఒకే పేజీలో చూపిస్తే, అక్కడ జబ్బున్నట్టే.

మన సినిమాల్లోనూ మద్రాసు రోజుల నుంచీ కథాచర్చలున్నాయి. హోటల్ గదిలో కాఫీలు, టిఫిన్లు, తెల్లవార్లూ వాదనలు. కానీ మనది ప్రధానంగా కథ ‘చెప్పే’ సంప్రదాయం. చెప్పేవాడు గొంతు పెంచి, తగ్గించి, కళ్ళు తుడుచుకుని, మధ్యలో నేపథ్య సంగీతం కూడా తానే కొట్టి హీరోని ఒప్పిస్తాడు. అదొక గొప్ప విద్యే, కాదనను. కాగితానికి ఆ సదుపాయం లేదు. ముక్కూ మొహం తెలియనివాడు ముక్కుతూ మూలుగుతూ చదివినా కథ నిలబడాలి.

అలా నిలబడుతుందో లేదో చూద్దామని పదో తరగతి చదివే మా అమ్మాయి 22 పేజీల స్క్రిప్టు పట్టుకెళ్ళింది. తమ్ముడు పుట్టినప్పుడు సాయానికి తెనాలి నుంచి వచ్చి ఆరునెలలున్న అమ్మమ్మ కథ. ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు. ఒకరి ఇంగ్లీషు, ఒకరి తెలుగు రెండూ అంతంతే.

అమ్మమ్మ పాత్ర టీచరుగారికి వచ్చింది. డెబ్బై దాటిన ఆఫ్రికన్ అమెరికన్ పెద్దావిడ. ‘అన్నం తిన్నావా’ ఎలా పలకాలో రెండుసార్లు అడిగి తెలుసుకుని, మూడోసారి ఆవిడ అన్నప్పుడు మా ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. తొమ్మిదో పేజీలో అమ్మమ్మ తన పెళ్ళి, కృష్ణ కాలవ, వరిచేలు, తుఫాను అన్నీ ఏకబిగిన చెబుతుంది. మా పిల్ల ఎంతో కష్టపడి రాసిన భాగం అది. అందరి వేలూ సరిగ్గా అక్కడే పడింది. “ఆవిడ ఇదంతా మనవరాలికి చెప్పడం లేదు, మాకు చెబుతోంది” అన్నాడు లారీ డ్రైవరు. నర్సు మెల్లిగా అడిగింది, “ఆరునెలలూ ఆవిడ అందరికీ కావలసినవన్నీ చేసింది. ఆవిడకేం కావాలి?”

నోరు విప్పకూడదు కదా. మా అమ్మాయి ఆ ప్రశ్న రాసుకుని, కింద రెండు గీతలు గీసింది. కారులో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే తెనాలికి ఫోన్ చేసింది. “అమ్మమ్మా, నువ్విక్కడ ఉన్నప్పుడు నీకేం కావాలనిపించేది?”

మా అత్తగారు ముందు నవ్వేశారు. నాకేం కావాలే, మీరు చల్లగా ఉంటే చాలు అన్నారు. పిల్ల వదల్లేదు. చాలాసేపటికి ఆవిడ అన్నారట: “ఒక్కసారైనా ఎవరూ తోడు లేకుండా బజారుదాకా నడిచివెళ్ళి, ఎవరి చేతా అడిగించకుండా, నా డబ్బుతో ఏదో ఒకటి కొనుక్కుని రావాలనిపించేదమ్మా. మీ వీధుల్లో మనిషన్నవాడే నడవడు కదా, భయమేసి ఊరుకున్నా.”

కొత్త ప్రతిలో పెళ్ళి లేదు, తుఫాను లేదు. తొమ్మిదో పేజీలో అమ్మమ్మ చెప్పులేసుకుని, మడత పెట్టిన ఐదు డాలర్ల నోటు గుప్పిట్లో పట్టుకుని, చప్పుడు కాకుండా వీధి తలుపు తీస్తుంది. వచ్చే శనివారం టీచరుగారు మళ్ళీ ఆ పాత్ర చదువుతారు.