తూటా పరీక్ష

మనుష్యుడు తన రక్షణకై చేరదీయు వస్తువులు రెండు తెఱగులు. పరీక్షించిన పిమ్మట నమ్మబడునవి కొన్ని. నమ్మితిమి గదా యని పరీక్షింపబడనివి కొన్ని. మొదటివి పనిముట్లు, రెండవవి తాయెత్తులు. రాగిరేకుతో జేసినను ఉక్కుతో జేసినను తాయెత్తు తాయెత్తే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడిన మనవారి యిండ్లకు వెళ్లినపుడు కొన్నింట తుపాకి మాకు కనబడినది. అది పనిముట్టా, తాయెత్తా యని తమ్ము దాము ప్రశ్నించుకొన్నవారు మాత్రము విశేషముగా గానరాలేదు. అచ్చట మేము కన్నులార జూచిన యొక పరీక్షను బట్టి యా ప్రశ్నను చదువరుల యెదుట నుంచుచున్నాము.

మా మేనల్లుడు టెక్సస్ రాష్ట్రమున చిన్న దుకాణము నడుపుచున్నాడు. చదువునకై వెళ్లి, యచ్చటనే నిలిచి, యిప్పు డా దేశపు పౌరుడైనాడు. ప్రక్క వీథి దుకాణమున దోపిడి జరిగిన తరువాత, రాత్రివేళ వసూళ్లు ఇంటికి దెచ్చుకొను నలవాటుగల యతనికి భయము పట్టుకొన్నది. చవుక వెలకు వచ్చు కార్బైను నొకదానిని కొని యింట నుంచుకొనెను.

ఈ కార్బైను పిస్తోలు తూటాను పేల్చు పొట్టి తుపాకి. చేతి ఆయుధమునకును భుజమున కానించు ఆయుధమునకును ఒకే తూటా యన్న యూహ ప్రాతదే. 1873 నాటి వించెస్టరు తుపాకి తూటాను పేల్చు కోల్టు రివాల్వరులు కొలది యేండ్లలోనే వెలువడినవి. మావాడు కొన్నది 1902 ప్రాంతమున జర్మనీలో గేయోర్గ్ లూగర్ రూపొందించిన 9 మిల్లీమీటర్ల తూటాను వాడునది. గొట్టము పొడవు 16 అంగుళములు. అంతకు పొట్టియైనచో ఆ దేశపు చట్టము ప్రత్యేక నమోదు కోరును. ఇట్టి చవుక కార్బైనులలో అనేకములకు గొట్టమును మూసి బిగించు గడియ లేదు. బరువైన బోల్టు, దాని వెనుక స్ప్రింగు, అంతియే. పేలిన తూటా తోపుడే బోల్టును వెనుకకు నెట్టి, ఖాళీ గొట్టమును బయట బడవేయును. స్ప్రింగు మరల దానిని ముందునకు నెట్టి క్రొత్త తూటాను లోనికి దోయును. వెల తగ్గుటకు ఈ సరళత్వ మొక ముఖ్య కారణము. అయితే తోపుడు చాలకున్నను, గుండు కొన వంపు సరిపడకున్నను పని మధ్యలో నిలిచిపోవును. కావున "మంచి తూటా యేది?" యన్న ప్రశ్నకు అర్థము లేదు. "ఈ తుపాకికి మంచి తూటా యేది?" యన్నదే ప్రశ్న.

మావానికి సలహాలకు గొదువ లేదు. తోడి దుకాణదారుడు వెల హెచ్చయిన తూటాయే శ్రేష్ఠమనెను. మిత్రు డొకడు గుండు బరువైనకొలది మేలనెను. అమ్మినవాడు అట్టపెట్టె మీది బొమ్మను జూపెను. వీరిలో నొక్కడును ఆ తూటాను ఆ తుపాకిలో నుంచి పేల్చి చూచినవాడు కాడు. నమ్మి నానబోసిన పుచ్చి బుఱ్ఱలైన సామెత మన పల్లెలలో నెఱుగనివా రెవరు? విత్తనముల విషయమున పోవున దొక పంట. ఇచ్చట పోవునది ప్రాణము.

"పేల్చి చూడుము, వ్రాసి పెట్టుము" అని మేమంటిమి. "అయితే వ్రాయుట మీ పని, మామయ్యా" అని యతడు నవ్వెను. మేము వెళ్లినది చుట్టపుచూపు వీసాపై. అట్లు వచ్చిన విదేశీయులు తుపాకి గాని తూటా గాని చేతబట్టుటను ఆ దేశపు చట్టము కొన్ని మినహాయింపులతో నిషేధించుచున్నది. కావున కంటి అద్దములును చెవిమూతలును ధరించి, కలముతో లెక్క వ్రాయుటయే మా వంతైనది.

గుండు బరువును గ్రెయినులలో జెప్పుదురు; 7,000 గ్రెయినులు ఒక పౌను. ఈ తూటాలలో సాధారణముగా దొరకు గుండ్లు 115, 124, 147 గ్రెయినులవి. మావాడు నాలుగు రకములు తెచ్చెను: 115 గ్రెయినుల రాగితొడుగు గుండు, కొనయందు గుంటగల 124 గ్రెయినులది, అట్టిదే 147 గ్రెయినులది, మిక్కిలి చవుకైన ఉక్కు గొట్టపు తూటా. పేల్చు మైదానపు యజమాని అయస్కాంతము తెచ్చి యానించి, నాలుగవ దానిని త్రోసివైచెను. గుండు తొడుగున ఉక్కున్నచో వెనుకనున్న అడ్డుపలకలు చెడునట. మిగిలినవి మూడు.

గుండు వేగమును కొలుచు చిన్న యంత్రము నొకదానిని అచ్చట నిచ్చిరి. ఇట్టి కొలత తొలుత జేసి చూపిన బెంజమిన్ రాబిన్స్ అను నాంగ్లేయుడు 1742లో తన గ్రంథమును ప్రకటించెను. వ్రేలాడు దిమ్మకు గుండు తగిలిన నది యెంత యూగునో చూచి వేగము గణించిన బుద్ధిశాలి యతడు. తరువాత కుంపిణీ కొలువున కోటలు బాగుచేయ మన తీరమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింటు డేవిడ్ కోటలో మరణించెను. అంతవఱకు ఫిరంగివాండ్రు గుండు వేగమును గూర్చి యూహలే చెప్పుకొనిరి.

115 గ్రెయినుల గుండు సెకనుకు సుమారు 1,300 అడుగుల వేగమున బోయెను. పొట్టి గొట్టపు పిస్తోలులో అది 1,150 అడుగుల ప్రాంతమున నుండును. 147 గ్రెయినులది 1,050 చుట్టు దిరిగెను. దానికి పొడవైన గొట్టము వలన గలిగిన లాభము కొంచెమే. ధ్వని వేగము సుమారు 1,125 అడుగులు గనుక, ఈ బరువు గుండు దానిని మించక, గాలిని చీల్చు చప్పుడు లేకుండ బోయినది. 25 గజముల దూరమున పదేసి తూటాలు పేల్చి చూడగా, గుఱి మిక్కిలి దగ్గఱగా గూడినదియు నిదియే. మిత్రుని మాట నిజమైనదని మావాడు పొంగిపోయెను. కాని 50 తూటాలలో మూడు గొట్టపు వాకిట దమ మొద్దు కొన తగులుకొని యిరుకుకొన్నవి. అన్నిటికంటె వెల హెచ్చైనదియు నదియే. 124 గ్రెయినుల గుంటకొన గుండు గుఱియందు కొంచెము వెనుకబడినను ఒక్కమాఱైన నాగలేదు. 115 గ్రెయినులదియు నట్లే నడచినది.

ఒక పెట్టె ముగియగానే మావాడు "ఇక చాలు" ననెను. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక మెతుకు చాలునని మన పెద్దలందురు. ఒకే కుండలో, ఒకే నీటిలో, ఒకే మంటపై నుడికిన మెతుకుల కది సత్యము. అరుదుగా వచ్చు లోపమును బట్టుటకు ఆ న్యాయము చాలదు. గణితశాస్త్రజ్ఞులు దీనికొక సులువైన సూత్రము చెప్పుదురు: ఎన్ని మాఱులు చూచినను లోపము కానరానిచో, మూడింటిని ఆ సంఖ్యచే భాగింపుము, నూటికి 95 పాళ్ల నమ్మకముతో అసలు లోపము అంతకు మించదు. 50 తూటాలు లోపము లేక పేలినను, నూటికి ఆఱు వఱకు లోప ముండవచ్చును. 200 పేలినచో నూటికి ఒకటిన్నర. 300 పేలినచో ఒకటి. ఈ లెక్క విన్న పిమ్మట మావాడు మరల మూడు పర్యాయములు మైదానమునకు వెళ్లి, 124 గ్రెయినుల తూటాలు 200 పూర్తిచేసెను. ఏ యాటంకమును గలుగలేదు. వ్యయమునకు మాత్ర మతని ముఖము చిన్నబోయెను.

గుంటకొన గుండ్ల చరిత్రలో మన దేశమునకును సంబంధ మున్నది. దేహమున దగిలి విచ్చుకొను గుండ్లు 19వ శతాబ్ది తుదను కలకత్తా చెంతనున్న డమ్ డమ్ ఆయుధశాలలో నాంగ్లేయ సైన్యమునకై తయారైనవి. ఆ యూరి పేరే వానికి లోకమున నిలిచినది. 1899లో హేగు నగరపు సభ యుద్ధమున వాని వాడుకను నిషేధించెను. అమెరికాలో పోలీసులును పౌరులును వానినే వాడుదురు. అవి దేహమున నిలిచిపోయి వెనుకనున్న యమాయకునకు దగులవని వారు చెప్పు కారణము. ఆ కారణము కొంతవఱకు నిజమే. కాని యచ్చటి యిండ్ల లోపలి గోడలు కఱ్ఱచట్రమునకు జిప్సము పలకలు కొట్టినవి. ఆ పలకల పొడి గుంటలో నిండినచో గుండు విచ్చుకొనక గోడవెంట గోడగా దూసికొనిపోవును. గుఱి తప్పిన గుండునకు ప్రక్కగదిలో నెవరు నిద్రించుచున్నారో తెలియదు.

మేము లెక్కలన్నియు నప్పజెప్పినపుడు మేనల్లుని భార్య శ్రద్ధగా విని, "తుపాకి నెగ్గినది సరే, మామయ్యగారూ. మేము నెగ్గుదుమా?" యని యడిగెను. ఆ ప్రశ్న మైదానమున మాలో నెవరికిని తోచలేదు. ఆ రాత్రియే, తూటాలన్నియు వేఱుగదిలో దాళము వేసి, దీపము లార్పి, మావానిని నిద్రనుండి లేపి చూచితిమి. తాళపుచెవి వెదకి పెట్టె తెఱచుటకు నిమిషమునకు పైగా బట్టెను. వీథి తలుపునకు ఎదురుగా నతడు నిలిచిన చోటు నుండి గీత గీసిన, అది తలుపు ప్రక్కనున్న కుమారుని పడకగది గోడను దాకును. ఆ బాలునకు పదునైదేండ్లు; అర్ధరాత్రి మంచినీళ్లకై లేచు నలవాటు గలవాడు.

ఆమె మఱియొక మాట చెప్పెను. ఆ దేశమున తుపాకుల వలన గలుగు మరణములలో సగమునకు మించినవి ఆత్మహత్యలు. ఆ వయసు పిల్లల మనస్సు పరీక్షలో నొక మార్కు తగ్గినను క్రుంగును. కొండనాలుకకు మందు వేయబోయి ఉన్ననాలుక పోగొట్టుకొనుట యెట్లుండునో యామె బిగ్గఱగా జెప్పలేదు. చెప్పవలసిన యవసరమును లేకపోయెను.

మఱునాటి నుండి రాత్రి వసూళ్లు ఇంటికి వచ్చుట మానెను. మూసిన వేళలలో గూడ సొమ్ము వేయదగిన పెట్టె బ్యాంకు గోడలో నున్నది. కార్బైను ఖాళీగా ఒక యినుప పెట్టెలోను, తూటాలు వేఱొక పెట్టెలోను జేరినవి. మావాడు నెలకొకమాఱు మైదానమునకు బోయి గుఱి చూచుకొనుచున్నాడు. దోపిడికాండ్రను దూరముంచునది ఏ తుపాకియు గాదు, ఇంట సొమ్ము లేకపోవుటయే యని యతడే యిప్పుడు తోడి దుకాణదారులకు జెప్పుచున్నాడు.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టమును దాని నియమములును 9 మిల్లీమీటర్ల పిస్తోలును సామాన్య పౌరునకు నిషేధించినవి గనుక ఈ ప్రసంగము మనకేల యని చదువరు లనుకొనవచ్చును. ఆ దేశమున మన బిడ్డ లున్నారు. వారితో మనము వారము వారము మాటలాడుచున్నాము. ఇంట తుపాకి యున్నదని విన్నపుడు "జాగ్రత్త నాయనా" యని దీవించి యూరకుండుట చాలదు. ఎన్ని తూటాలు పేల్చి చూచితివి, తాళ మెవరి చేత నున్నది, గోడ కావల నెవరు నిద్రింతురు అని అడుగవలెను. ఈ మూడింటికి జవాబు లేని యింట నున్నది తాయెత్తే. మెడలోని తాయెత్తు పనిచేయకున్నను పేలదు.