రైలు కట్ట మీద వెళ్ళి కాలువ గట్టున వచ్చాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, రాయడానికి నా దగ్గర ఏముందా అని రెండు రోజులు ఆలోచించాను. నేను ర్యాంకులు తెచ్చుకున్నవాణ్ణి కాదు, ఆటల్లో కప్పులు గెలిచినవాణ్ణీ కాదు. మీలాగే ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని ఆరో తరగతిలో చేరి, పదో తరగతి దాకా రామచంద్రపురంలో సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిన్నవాణ్ణి. అందుకని ఒక్క ఆదివారం సంగతే రాస్తున్నాను. అది 1999 జనవరి. సంక్రాంతి సెలవులు అయిపోయి అప్పటికి పది రోజులైంది.

అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల మొదటి పేపరులో నాకు యాభైకి తొమ్మిది వచ్చాయి. రెండోది ఇంకా అన్యాయం. మా మావయ్య అప్పటికే హైదరాబాదులో సెంట్రింగ్ పనికి వెళుతుండేవాడు. పండక్కి వచ్చినప్పుడు "నాతో వచ్చెయ్యరా, రోజుకి ఎనభై రూపాయలు ఇప్పిస్తాను" అన్నాడు. ఎనభై రూపాయలు! మా అమ్మ ఊడ్పులకు వెళ్తే అందులో సగం కూడా వచ్చేది కాదు. పబ్లిక్ పరీక్షలు రాయకుండానే వెళ్ళిపోవాలని తీర్మానించుకున్నాను. నాన్న లేడు. అమ్మకు చెప్తే ఏడుస్తుంది. చెప్పాల్సింది తాతకి. తాత ఊరు కోటిపల్లికీ ద్రాక్షారామానికీ మధ్యన, కాలువ గట్టు మీద.

హాస్టల్లో నా పక్క చాప వాడికి మాత్రమే ఈ సంగతి తెలుసు. వాడు "నేనూ వస్తాను, ఒక్కడివీ వెళ్తే అట్నుంచి అటే పారిపోతావు" అన్నాడు. వంట బాబాయి కూరగాయలు తెచ్చే పాత హెర్క్యులెస్ సైకిలు బతిమాలి తీసుకున్నాం. వార్డెన్ గారు ఆరు గంటల అటెండెన్సుకి ఉండి తీరాలని చెప్పి పంపారు.

వెళ్ళేటప్పుడు రైలు కట్ట మీద, వచ్చేటప్పుడు కాలువ గట్టు మీద రావాలన్నది పక్క చాప వాడి ఆలోచన. వెళ్ళిన దారిన తిరిగి వస్తే మజా ఏముంటుంది అంటాడు వాడు.

ఇప్పటి పిల్లలకు ఆ కట్ట సంగతి చెప్పాలి. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో తెల్లవాళ్ళ కాలంలో రైలు మార్గం వేశారు. సుమారు 45 కిలోమీటర్లు. పన్నెండేళ్ళు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఇనుముకు కరువు రావడంతో, 1940లో ఆ పట్టాలు పీక్కుని యుద్ధ అవసరాలకు తీసుకుపోయారు. రైలు పోయింది గానీ మట్టికట్ట ఎక్కడికి పోతుంది? మేము చూసేనాటికి దాని వయసు డెబ్భై ఏళ్ళు, అందులో అరవై ఏళ్ళు రైలు లేకుండానే గడిపింది. కొన్నిచోట్ల దాని మీద గడ్డివాములు వేసుకున్నారు, కొన్నిచోట్ల పిడకలు ఆరబెట్టారు. కొన్నిచోట్ల రైతులు అటొక అంగుళం ఇటొక అంగుళం చెక్కేసి, చివరికి గేదె నడిచేంత దారి మిగిల్చారు. తూముల దగ్గర దిమ్మలు మాత్రమే ఉండేవి, మధ్యలో తాటిదూలం. సైకిలు భుజాన వేసుకుని దూలం మీద నడవాలి. మొదటి దూలం దగ్గర భయపడ్డాం, మూడోదాని దగ్గర పాటలు పాడుతూ దాటాం.

ఇద్దరం వంతులవారీగా డబుల్స్ తొక్కాం. రెండు పక్కలా అప్పుడే నాటిన దాళ్వా చేలు. కట్ట మిగతా నేలకన్నా ఎత్తు కాబట్టి ద్రాక్షారామం గుడి గోపురం చాలా ముందునుంచే కనపడింది. పదకొండు గంటలకు కోటిపల్లి రేవులో ఉన్నాం. అవతల ముక్తేశ్వరం నుంచి వచ్చే పంటును చూస్తూ, వంట బాబాయి కట్టిచ్చిన పులిహోర తిన్నాం.

మధ్యాహ్నం తాత ఇంటికి చేరాం. తాత రైలు వచ్చిన ఏడే పుట్టాడట. అందుకే తన వయసు ఎప్పుడూ తప్పు చెప్పేవాడు కాదు. పన్నెండేళ్ళ వయసులో కట్ట పక్కన గేదెలు కాస్తూ, పట్టాలు ఊడదీయడం కళ్ళారా చూశాడు. ఒక్కసారి కూడా ఆ రైలు ఎక్కలేదు. "ఎక్కుదామనుకునేలోగా ఎత్తుకుపోయారు" అని నవ్వేవాడు.

నేను అసలు విషయం ఎత్తలేకపోయాను. పెరుగన్నం పెట్టాడు. తిన్నాం. బయల్దేరదామని చూస్తే వెనక చక్రంలో గాలి లేదు. తుమ్మముల్లు గుచ్చుకుంది. పంక్చరు కొట్టు మూడు కిలోమీటర్ల అవతల లాకుల దగ్గర ఉంది. మా ఇద్దరి జేబుల్లో కలిపి రూపాయిన్నర. తాత కండువా వేసుకుని "పదండి, నేనూ వత్తాను. ఆడు నాకు తెలుసు" అన్నాడు.

అలా ముగ్గురం సైకిలు నడిపించుకుంటూ కాలువ గట్టున నడిచాం. నీరు నిండుగా ఉంది. తాత ముందు నడుస్తున్నాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్న నడకే గానీ ఆరోజే గమనించాను, ఆయన నిటారుగా నడవడు. కుడిభుజం కిందికి దించి, ముందుకు వంగి, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు నడుస్తాడు. మా పక్క చాప వాడికి నోరు ఊరుకోదు. "తాతా, నడుం నొప్పా?" అన్నాడు.

"నడుం కాదు బాబూ, పడవ" అన్నాడు తాత.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన ఈ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ధాన్యం, కొబ్బరికాయలు, పెంకులు, గడ్డి అన్నీ వీటి మీదే. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే మనిషి. పడవ కొయ్యకు తాడు కట్టి, రెండో కొసకు కర్రముక్క కట్టి, దాన్ని భుజానికీ రొమ్ముకీ ఆనించుకుని గట్టు మీద నడుస్తూ లాగాలి. పడవలో ఒకడు చుక్కాని పడతాడు, గట్టు మీద ఇద్దరు. కిందికి పోయేటప్పుడు ఫరవాలేదు, ధవళేశ్వరం వైపు ఎదురు నీటిలో లాగేటప్పుడు ప్రాణం పోతుంది. లాకుల దగ్గరే వాళ్ళకు విశ్రాంతి. పడవను రెండు తలుపుల మధ్య పెట్టి, కింది తలుపు మూసి, పైనీరు వదిలితే పడవ తనంతట తానే పైకి లేస్తుంది. "మనం లాగక్కర్లేకుండా పడవ ఎక్కేది అక్కడొక్కచోటే" అన్నాడు తాత. లాకులు దాటుకుంటూ, ధవళేశ్వరం దగ్గర గోదావరి దాటి విజ్జేశ్వరం వైపు, ఏలూరు దాకా వెళ్ళేవాడట. పదహారేళ్ళకి మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు పైన లాగాడు. లారీలు వచ్చాక ఆ పని పోయింది. కొన్ని ఊళ్ళ రేవుల్లో వీళ్ళని మంచినీళ్ళు ముంచుకోనిచ్చేవారు కాదు, పడవ లాగే తాడు మాత్రం ఎవరింటిముందు నుంచి పోయినా అభ్యంతరం ఉండేది కాదు. ఈ మాట ఆయన కోపంగా చెప్పలేదు. అందుకే నాకు ఇంకా గుర్తుంది.

అప్పుడు నేను చెప్పేశాను. హైదరాబాదు వెళ్ళిపోతున్నానని.

"సెంట్రింగంటే ఏటి?" అని అడిగాడు. చెక్కలూ ఇనుపరేకులూ భుజాన పెట్టుకుని పైకి మోసి, స్లాబు పోయడానికి కింద పరుస్తారని చెప్పాను. తాత ఆగాడు. కండువా తీశాడు. "ఇక్కడ సెయ్యెట్టి సూడు" అన్నాడు. కుడిభుజం మీద, మెడకు దిగువన, గేదె మెడమీద కాడి రాసినచోట ఉండేలాంటి కాయ. పడవలు మానేసి ముప్ఫై ఏళ్ళయినా చర్మం గట్టిగా, తోలులా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తాత కండువా వేసుకున్నాడు. "నీ ఇట్టం" అన్నాడు. మళ్ళీ లాకులు వచ్చేదాకా మాట్లాడలేదు.

పంక్చరు వేసినందుకు మొలలోంచి నాలుగు రూపాయలు తీసి ఇచ్చాడు. మేము సైకిలెక్కాక వెనకనుంచి "ఒరే, రైలు మళ్ళీ వత్తాదంటన్నారు, నిజమేనేంట్రా?" అని కేకేశాడు. అప్పుడు అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. కోటిపల్లి రైలు కోసం ఆయన పట్టుబట్టారని మా పేటల్లో అందరూ చెప్పుకునేవారు. "ఆయ్, వత్తాది" అని నేనూ అరిచాను, నాకేదో తెలిసినట్టు.

ఆరు గంటలకు చేరలేదు. ఏడుంబావు అయింది. వార్డెన్ గారు అరగంట నిలబెట్టారు. వంట బాబాయి సైకిలు బురద చూసి తిట్టి, మా ఇద్దరికీ దాచిన అన్నం పెట్టాడు. ఆ రాత్రి నుంచి పక్క చాప వాడు నాకు లెక్కలు చెప్పాడు. వాడికి వచ్చినవి కొన్నే, అవే చెప్పాడు. పబ్లిక్‌లో లెక్కల్లో నాకు ముప్ఫై ఎనిమిది వచ్చాయి. గొప్పగా చెప్పుకునే మార్కులు కావు. ఇప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని.

బాలయోగి గారు 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. తాత అదే ఏడు వానాకాలంలో పోయాడు. రైలు 2004లో వచ్చింది. ఇప్పుడు ఆ కట్ట మీద సైకిలు తొక్కడానికి లేదు, ఎత్తు పెంచి కంకర పోసి పట్టాలు వేశారు.

2005లో అమ్మను రైల్‌బస్సు ఎక్కించాను. అప్పట్లో ఆ దారిన అదే నడిచేది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని పొలాల వైపు చూస్తూ, "మీ తాత గేదెల్ని కాసిన చోటు ఏదిరా?" అని అడిగింది. నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఒక తూము దగ్గర బండి నెమ్మదించినప్పుడు, ఇదేనమ్మా అన్నాను. అమ్మ అటే తల తిప్పి, అది కనపడకుండా పోయేదాకా చూసింది.