తడిసినవాళ్ల నది

నదితో మన చుట్టరికమంతా ఒడ్డు మీంచే. పుష్కరాలకు మెట్ల దగ్గర మూడు మునకలు, రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీలోంచి ఓ రూపాయి బిళ్ల. పాపికొండలకు వెళ్లినా లాంచీలో సినిమా పాటలు, భోజనాలు. కింద గోదావరి తన పని తాను చూసుకుంటూ ఉంటుంది.

కాలిఫోర్నియాలో మా అమ్మాయి స్నేహితులు నదుల రక్షణకు చందాలు పోగుచేసే యాత్ర ఒకటి పెట్టుకుని, నన్నూ లాక్కెళ్లి అమెరికన్ నది దక్షిణ పాయలో రాఫ్టు ఎక్కించారు. 1848లో బంగారం బయటపడిన కొలోమా ఆ ఒడ్డునే ఉంది. లైఫ్ జాకెట్ బిగించి చేతిలో తెడ్డు పెట్టారు. “ఊరికే కూర్చుంటే కుదరదంకుల్, మీరూ వేయాలి” అన్నాడో కుర్రాడు. వెనక నుంచి గైడు ‘ఫార్వర్డ్’ అని కేకేస్తే అందరూ ఒక్కసారే వేయాలి. ఏ వైపు వాళ్లు బద్ధకిస్తే పడవ ఆ వైపుకే తిరుగుతుంది. ‘ట్రబుల్‌మేకర్’ అనే చోట ఎడమవైపు వాళ్లు తెడ్లు ఎత్తేసి తాడు పట్టుకున్నారు. పడవ బండను ఒరుసుకుని గిర్రున తిరిగింది. మంచు కరిగిన నీళ్లు చెంప ఛెళ్లుమనిపించాయి.

తమాషా ఏమిటంటే, ఆ ఉరవడి కూడా పైనున్న చిలీ బార్ ఆనకట్ట నుంచి వేళ ప్రకారం వదిలిందే. సాగర్ నీళ్లతో పండిన అన్నం తిన్న నోటితో నేను ఆనకట్టలను తిట్టలేను. అలాగని ప్రతి లోయనూ చెరువు చేసి తీరాలా?

భోజనాల దగ్గర గైడు స్టానిస్లాస్ నది కథ ఎత్తుకుంది. న్యూ మెలోన్స్ ఆనకట్టతో ఆ లోయ మునుగుతుందని తెలిసి, రాఫ్టులు నడిపేవాళ్లు జనాన్ని నదిలో తిప్పి, ఒడ్డు చేర్చాక ఓటు అడిగారట. 1974లో ఓటింగు. ఆనకట్ట వద్దనుకుంటే ‘అవును’ అని వేయాలి! తికమకపడ్డవాళ్లు పడగా, ఓడిపోయారు. 1979లో మార్క్ డుబోయిస్ అనే రాఫ్టు గైడు, పెరుగుతున్న నీటి అంచున ఓ బండకు తనను తాను గొలుసుతో కట్టేసుకున్నాడు. నీళ్లు నింపడం కొన్నాళ్లు ఆగింది. తర్వాత పెద్ద వానలొచ్చి లోయ మునిగింది.

కానీ ఆ ఓడినవాళ్లు ఊరుకోలేదు. పక్కనున్న టువాలమీ నది కోసం మళ్లీ నడుం కట్టారు. 1984లో ఆ నదిలో 83 మైళ్లకు చట్టం అండ దొరికింది. నదిని ఫొటోలో చూసి జాలిపడినవాడు ఇంకో ఫొటో రాగానే దాన్ని మరిచిపోతాడు. ఏ మలుపులో ఏ బండ ఉందో ఎరిగినవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఇక మన గోదావరి మీద పోలవరం ఆనకట్ట నిండితే పాపికొండల లోయ రూపు మారుతుంది. “మునగకముందే ఓసారి చూసొద్దాం” అని మనవాళ్లు టిక్కెట్లు కొంటున్నారు. మంచిదే, వెళ్లండి. లాంచీలో ఆ ఒడ్డు ఊళ్ల మనిషినొకణ్ని ఎక్కించుకుని, గోదావరి ఎక్కడ ఇరుకవుతుందో, ఏ ఊరు ఎక్కడ ఉండేదో చెప్పించుకోండి. పాటకూ పాటకూ మధ్యనైనా సరే.