తాత నోటుబుక్కు

మా తాతది సిరిసిల్ల. మగ్గం మీద చీరలు నేసే ఇంట్లో పుట్టాడు. నేసిన బట్టకు గిరాకీ లేక, ఇంటిల్లిపాదికీ బువ్వ చాలక, ఇరవై ఏండ్ల వయసులో బొంబాయి బండెక్కాడు. ముందు కామాటిపురలో దూరపు చుట్టం దగ్గర కొన్నాళ్లుండి, తర్వాత దాదర్ తూర్పున నాయ్‌గావ్ చాల్‌లో ఒక ఖోలీలో చేరాడు. నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వచ్చిన మన కామాటీల పేరే ఆ పేటకు వచ్చిందని చెప్తూ, "మనకంటె ముందుగాల వచ్చినోళ్లు ఇండ్లు కట్టిండ్రు, మనం బట్ట నేసినం" అనేవాడు.

మిల్లులో మొదట బద్లీ. పాళీ మొదలయ్యే వేళకు గేటు దగ్గర నిలబడాలి. పర్మినెంట్ మనిషి రాకపోతేనే లోపలికి పిలుపు, వస్తే ఉత్త చేతులతో ఇంటికి. అట్లా ఏండ్లు గడిచాక సాంచాల ఖాతాలో కాయం అయ్యాడు. నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి లాగాలి. పోగుతో పాటు దూదిపొట్టు కూడా గొంతులోకి పోయేది. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి చేతి సైగలతోనే ముచ్చట్లు. ఇంటికొచ్చినా తాత గొంతు తగ్గేది కాదు. పక్కన కూర్చున్న మనిషితో కూడా గల్లీ చివరున్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

ఆ ఒక్క ఖోలీలో ఒక్కోసారి పది పన్నెండు మంది ఉండేవారు. ఒక పాళీ వాళ్లు లేస్తే ఆ చాపల మీదనే ఇంకో పాళీ వాళ్లు పడుకునేవారు. అందరికీ మా బాపమ్మ వండేది. ఊరి నుంచి ట్రంకుపెట్టెతో ఏ పిల్లగాడు దిగినా తాత మొదటి మాట ఒకటే: "ముందుగాల బువ్వ తిను, అటెన్క ముచ్చట." తిన్నాక నోటుబుక్కు తీసేవాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, వచ్చిన తేదీ రాసేవాడు. పని దొరికాక మిల్లు, ఖాతా, పాసు నంబరు చేర్చేవాడు. ఎందుకింత రాత అని బాపమ్మ విసుక్కుంటే, "రేపు వాని తల్లి అడిగితె ఏం చెప్పాలె? పోరడు యాడున్నడో మనకు ఎరుక ఉండాలె గదా" అనేవాడు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లుల నుంచి బయటికొచ్చారు. నెలలు గడిచినకొద్దీ ఖోలీ ఖాళీ అయింది. కొందరు భివండి పద్మానగర్ పోయారు, కొందరు సిరిసిల్ల తిరిగిపోయారు. తాత ఎర్ర పెన్సిలుతో ఒక్కో పేరు పక్కన "భివండి", "సిరిసిల్ల", "కూరగాయల బండి" అని రాసుకున్నాడు. కొన్ని పేర్ల పక్కన ఏమీ లేదు. ఆయన మిల్లు మళ్లీ తెరిచినా ఆయన్ను పనిలోకి తీసుకోలేదు. బాపమ్మ మెడలో పుస్తెలు తప్ప బంగారమంతా పోయింది. తాత కూడా భివండిలో రాత్రి పాళీ నేశాడు. అయినా సమ్మెను తిట్టగా నేను వినలేదు. "గెలిచినమా ఓడినమా తర్వాత. తలకాయ దించుకొని మాత్రం గేట్ల అడుగు పెట్టలే" అనేవాడు.

చివరి ఏండ్లలో సిరిసిల్ల చేరాడు. అప్పటికి అక్కడ గల్లీ గల్లీకీ సాంచాలే. అరుగు మీద కూర్చొని ఆ మోత వింటూ, ఏ సాంచాలో పోగు తెగిందో చెప్పేవాడు. 2003లో పోయాడు.

నోటుబుక్కు విలువ మాకు ఆ తర్వాతే తెలిసింది. మూతబడిన 58 మిల్లుల్లో 1982 జనవరి 1 నాటికి గానీ, ఆ తర్వాత గానీ పనిచేసినవారికి, వాళ్ల వారసులకు ఇండ్లు ఇస్తామన్నారు. లక్షన్నరకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2012 మొదటి లాటరీలో 6,925 ఇండ్లు, 2020లో 3,894. పాసో, ఈఎస్ఐ కార్డో, పీఎఫ్ చీటీయో చూపాలి. చాలా ఇండ్లలో అవేవీ లేవు. "మా నాయిన దాదర్ దిక్కు ఏదో మిల్లుల చేసేటోడు" అన్నంత వరకే తెలుసు.

నోటుబుక్కు సర్కారుకు సాక్ష్యం కాదు. కానీ ఏ మిల్లు, ఏ ఖాతా, ఏ నంబరు అన్నది తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. దాన్ని పట్టుకొని మా బాపు ఇప్పటికి నాలుగు కుటుంబాలకు పాత పీఎఫ్ లెక్కలు దొరికేట్టు చేశాడు. అందులో ఒకరికి ఇల్లు వచ్చింది. మాకింకా రాలేదు. తాత పాసు మాత్రం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.

నోటుబుక్కులో మొత్తం 63 పేర్లున్నాయి. సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కువాళ్లే ఎక్కువ. వాళ్లలో 19 మంది కుటుంబాలు ఎక్కడున్నాయో ఇంకా తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా నాయ్‌గావ్‌లో, గట్టిగా మాట్లాడే సిరిసిల్లాయన ఖోలీలో ఉన్నామని ఎప్పుడన్నా చెప్పి ఉంటే పత్రికకు ఒక చీటీ రాయండి. పేరు, ఊరు రాస్తే చాలు. మేం చూసి చెప్తాం. ట్రంకుపెట్టె అడుగున పాత మిల్లు కాగితం ఏదున్నా, చిరిగినా సరే, పారేయకండి.