మోషే విన్న మాట



ఒక రోజు భూస్థాపన, మూడు గృహకూడికలు ముగించుకొని ఇంటికి చేరేసరికి రాత్రి 10 అయింది. ఇంతలో ఫోను. పొద్దున్నే పక్క ఊళ్లో గృహప్రతిష్ఠ అట. "వస్తానయ్యా" అనేశాను. మా పాప మెల్లగా, "రేపు నన్ను బడి దగ్గర దింపుతానన్నావు కదా నాన్నా" అంది. నాకు మాట రాలేదు.

నిర్గమకాండము 18వ అధ్యాయం గుర్తొచ్చింది. మోషే ఉదయం నుంచి సాయంకాలం దాకా ఒక్కడే కూర్చొని తీర్పు తీరుస్తున్నాడు. మామ యిత్రో అది చూసి మెచ్చుకోలేదు. ఇది పద్ధతి కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. 1000 మందికి, 100 మందికి, 50 మందికి, 10 మందికి నాయకులను పెట్టి, కష్టమైన వ్యాజ్యాలే నీ దగ్గరికి రానిమ్మన్నాడు. మోషే విన్నాడు.

నా అలసటలో భక్తి కన్నా, నేను లేకపోతే జరగదన్న అతిశయమే ఎక్కువ ఉందని ఆ రాత్రి ఒప్పుకున్నాను. వెంటనే ఆ ఇంటివారికి ఫోను చేసి, మా సంఘపెద్ద వస్తారని చెప్పాను. కొంచెం నొచ్చుకున్నారు. కానీ ఆయన ప్రార్థన వాళ్లను ఎంతో ఆదరించిందట. నేను పాపను బడి దగ్గర దింపాను.

ప్రియులారా, మీరొక్కరే మోస్తున్న బరువేది? దాన్ని ఎవరితో పంచుకోవాలో ప్రభువును అడగండి. ఆమేన్.